రంగం రేవులో చెత్త ఎవరెత్తాలి?

బర్మా భాషలో ‘సేక్కాన్’ అంటే రేవు. యాంగోన్ నడిబొడ్డున స్ట్రాండ్ రోడ్డుకూ నదికీ మధ్య సన్నటి పట్టీలా ఉండే టౌన్‌షిప్ పేరు కూడా అదే. గోదాములు, క్రేన్లు, కంటెయినర్లు పోగా మనుషులుండే ఇళ్లు ఇక్కడ తక్కువే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నన్ను ఏడేళ్ల కిందట ఈ రేవు ఒడ్డుకు చేర్చింది. మాది కాకినాడ దగ్గర ఊరు. మా వైపు పెద్దవాళ్లు రంగూన్ అనేవారు కాదు, ‘రంగం’ అనేవారు. ఫలానా వాళ్ల తాత రంగం వెళ్లాడు, మళ్లీ రాలేదు అనే మాట గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

పర్యావరణానికి మేలు చేసే జీవనం గురించి ఎవరు మాట్లాడినా గుడ్డ సంచి, స్టీలు సీసా, బాల్కనీలో మొక్కలు అంటూ మొదలుపెడతారు. అవన్నీ మంచివే. ఈ రేవులో ఉంటున్నాక నాకు మాత్రం వాటికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలనిపించింది. మనం పారేసినది ఎవరి చేతుల మీదుగా పోతోంది? ఆ చేతులు ఒకప్పుడు మనవాళ్లవే కావడం ఇందుకు కారణం.

కోరంగివాళ్ల నగరం

కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడి నుంచి ఓడలెక్కి వచ్చారు కాబట్టి బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆ తరవాత విశాఖ, కాకినాడ రేవుల నుంచి వచ్చినవాళ్లకూ అదే పేరు స్థిరపడింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్‌లో సగం కంటే ఎక్కువ మంది మనవాళ్లే.

రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ, ధాన్యం మిల్లుల్లో పనిచేసిందీ ఎక్కువగా తెలుగు కూలీలే. 1930 మే నెలలో కూలి పెంచమని రేవు కార్మికులు సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిసి పాతవాళ్లను తిరిగి తీసుకున్న రోజున, మే 26న, ఇరువర్గాల మధ్య గొడవ మొదలైంది. అది నగరమంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మన కూలీలే.

నగరాన్ని శుభ్రం చేసే పని కూడా భారతీయ కూలీలదే. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 1852లో బ్రిటిష్‌వాళ్లు రంగూన్‌ను పట్టుకున్నాక గళ్ల నోటుబుక్కులా వీధులు గీసి కొత్త నగరం కట్టారు. ఇళ్ల వరసల వెనక సన్నటి సందులు వదిలారు. ముందు వీధి మనుషులకు, వెనక సందు మురికికి. తెల్లవారకముందే ఆ సందుల్లోకి వెళ్లి మరుగుదొడ్ల బకెట్లు మోసుకెళ్లే మనుషులు ఉండేవారు. నగరం నిద్రలేచేసరికి పని అయిపోయేది. చేసినవాళ్లెవరో ఎవరికీ తెలిసేది కాదు.

1942లో జపాన్ దాడికి భయపడి లక్షలమంది భారతీయులు కాలినడకన, ఓడల్లో స్వదేశానికి పరుగెత్తారు. 1960లలో వ్యాపారాల జాతీయీకరణ తరవాత ఇంకా చాలామంది వెళ్లిపోయారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా వచ్చిందే. అయినా కొన్ని కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. మా భవనం మూడో అంతస్తులో ఉండే మామ్మగారిది అలాంటి కుటుంబమే. ఆవిడ తాత రేవు కూలీ. తెలుగు చదవడం రాదు గానీ మాట్లాడతారు. ఆ మాటలో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు.

చెత్త ఎక్కడికి పోతోంది?

యాంగోన్‌లో రోజుకు రెండు వేల టన్నులకు పైగా చెత్త పోగవుతుంది. నగర పారిశుధ్య సిబ్బంది గంట మోగించుకుంటూ వస్తే జనం సంచులు తెచ్చి బండిలో వేస్తారు. అక్కడి నుంచి చాలా భాగం నగరం చివర లైంగ్ తాయాలోని టెయిన్‌బిన్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. 2018 ఏప్రిల్‌లో ఆ చెత్తకొండ అంటుకుని రోజుల తరబడి కాలింది. చుట్టుపక్కల పేటలు పొగతో ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఎండాకాలం కాబట్టి అంటుకుంది అంటారు. ఎండ ఒక్కటే కారణం కాదు. తడి చెత్త గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. పైన ఎండిన ప్లాస్టిక్, లోపల మండే వాయువు. నిప్పురవ్వ పడితే చాలు.

చెత్తను కాల్చి కరెంటు తీస్తే సరిపోదా అని మా ఆఫీసులో కుర్రాళ్లు అడుగుతుంటారు. 2017లో జపాన్ సాయంతో ష్వేప్యీతాలో అలాంటి ప్లాంటు ఒకటి పెట్టారు. దాని సామర్థ్యం రోజుకు 60 టన్నులు. రెండు వేలలో అరవై అంటే మూడు శాతం. మిగతా 97 శాతం మాటేమిటి?

బండి ఎక్కనిది కాలవల్లోకి, అక్కడి నుంచి నదిలోకి పోతుంది. ఐరావతి నదిలోకి రోజుకు 119 టన్నుల ప్లాస్టిక్ చేరుతోందని 2019లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. రేవు పక్కన ఉండేవాళ్లకు ఆ లెక్క చెప్పక్కర్లేదు. ఆటుపోటు మారినప్పుడల్లా పడవల చుట్టూ సంచులు, సీసాలు తేలుతూ కనిపిస్తూనే ఉంటాయి.

వెనక సందు ఎవరిది?

ఇళ్లలోకి ఫ్లష్ దొడ్లు వచ్చాక వెనక సందులతో ఎవరికీ పని లేకుండా పోయింది. పని లేని చోటు చెత్తకుప్ప అవుతుంది. ఆరో అంతస్తు నుంచి కిందికి దిగి బండి కోసం ఎదురుచూడటం కంటే వంటింటి కిటికీ లోంచి సంచి జారవిడవడం తేలిక. అలా యాంగోన్ పాతపేట సందులు చాలావరకు ఎలుకల రాజ్యమయ్యాయి. వానాకాలంలో కాలవలు పూడి నీళ్లు నిలిచేవి. నిలిచిన నీళ్లలో దోమలు, ఆ వెనకే డెంగీ.

2017 ప్రాంతంలో ‘దో ఎయిన్’ అనే సంస్థ కొన్ని సందులను తోటలుగా మార్చడం మొదలుపెట్టింది. ఆ పేరుకు ‘మన ఇల్లు’ అని అర్థం. చెత్త తీయించి, నేల చదును చేయించి, గోడలకు బొమ్మలు వేయించి, పిల్లలు ఆడుకునేందుకు చోటు చేసింది. ఆ సందులు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. చెత్త తీయడం మొదటి మెట్టే. ఆ చోటుతో జనానికి మళ్లీ పని కల్పించడమే అసలు సంగతి. పిల్లలు ఆడుకునే చోట కిటికీ లోంచి సంచి విసరడానికి ఎవరికీ చెయ్యి రాదు.

మా భవనంలో పన్నెండు ఇళ్లు. బర్మా వాళ్లు, చైనా మూలాలవాళ్లు, రోహింగ్యా కాని ముస్లిం కుటుంబం ఒకటి, మేము, మామ్మగారు. మా సందు శుభ్రం చేయిద్దామన్న మాట వచ్చినప్పుడు మొదటి చర్చ డబ్బు గురించి కాదు, పని ఎవరు చేస్తారన్నదాని గురించి. కూలీలను పిలిపించి తీయిస్తే పోలేదా అన్నారు కొందరు. అప్పుడు మామ్మగారు నాతో తెలుగులో అన్న మాట నేను అందరికీ బర్మా భాషలో చెప్పాను. ‘‘పారేసినోడికి బరువు తెలీదు బాబూ, ఎత్తినోడికే తెలుస్తాది.’’

చివరికి ఇలా కుదిరింది. పాత కుప్ప తీయడానికి మనుషుల్ని పెట్టుకున్నాం. అడిగిన కూలి ఇచ్చాం, చేతి తొడుగులు, బూట్లు మేమే కొన్నాం. ప్రతి ఇంటి నుంచి ఒకరు ఆ పూట వాళ్లతో పాటు సందులో ఉండాలన్నది షరతు. అది ఫిబ్రవరి. వానలు మొదలయ్యేలోగా కాలవ తేటపడింది. గోడ వారగా కుండీలు పెట్టాం. ఒక సోలార్ దీపం బిగించాం. ఆ దీపం చేసిన మేలు ఏ నోటీసు బోర్డూ చేయలేదు. వెలుతురు పడితే సందుకు ముఖం వస్తుంది.

అంతా సుఖాంతమని చెప్పను. ఎదుటి వరస భవనాల్లో అద్దెవాళ్లు తరచూ మారుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. వానాకాలంలో వారానికి రెండు మూడు సంచులు ఇప్పటికీ పడతాయి. వంతుల పట్టిక ప్రకారం ఆ వారం ఎవరిదైతే వాళ్లు తీస్తారు. ఈ పట్టికే మా సందును నిలబెడుతోంది.

బకెట్టులో గోంగూర

ఇంటి చెత్తలో సగానికి పైగా వంటింటిదే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి. దీన్ని వేరు చేస్తే బండిలోకి వెళ్లే సంచి సగమవుతుంది, వాసన రాదు. చెత్త ఏరుకుని బతికేవాళ్లకు సీసాలు, అట్టలు శుభ్రంగా దొరుకుతాయి.

యాంగోన్‌లో మే నుంచి అక్టోబరు దాకా ఎడతెరిపి లేని వానలు. మన ఊళ్లో లాగా పెరట్లో గొయ్యి తీసే వీలు లేదు. మా ఇంట్లో అనుసరించే పద్ధతి ఇది. చిన్న బాల్కనీ ఉన్నవాళ్లెవరైనా చేయొచ్చు.

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టుకు పక్కల, అడుగున చిన్న బెజ్జాలు పెట్టాలి. కింద ఒక పళ్లెం ఉంచాలి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు వేయాలి. ఒక గిన్నెడు తడి చెత్త వేసిన ప్రతిసారీ రెండు గిన్నెల ఊక, ఎండుటాకులు లేదా చించిన అట్టముక్కలు పైన కప్పాలి. రెండు రోజులకోసారి కలపాలి. పాత ఎరువు గుప్పెడు చల్లితే పని తొందరగా అవుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. ఇంకాస్త ఊక వేసి, గాలి తగిలేలా కలిపితే సర్దుకుంటుంది. ఎండాకాలంలో రెండు నెలలకు, వానాకాలంలో మూడు నెలలకు నల్లటి ఎరువు తయారవుతుంది.

చేప ముళ్లు, మాంసం ఇందులో వేయకూడదు. ఎలుకలు వస్తాయి. వాటికి బొకాషీ పద్ధతి మేలు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో, మేలుచేసే సూక్ష్మజీవులు కలిపిన తవుడు చల్లుతూ వేస్తే రెండు వారాల్లో అది ఊరగాయలా పులుస్తుంది. తరవాత మట్టిలో పాతిపెడితే కరిగిపోతుంది.

ఆ ఎరువుతో మా సందు కుండీల్లో పెరుగుతున్న వాటిలో మొదటిది గోంగూర. బర్మావాళ్లు దాన్ని ‘చిన్‌బాం’ అంటారు. మనకెంత ఇష్టమో వాళ్లకూ అంతే. రొయ్యలు వేసి వేపుడు చేసుకుంటారు, పులుసు పెట్టుకుంటారు. మా మెట్ల మీద రెండు దేశాల స్నేహం గోంగూర కట్టలతోనే సాగుతోంది.

ఈ ఊరికి ముందే తెలిసినవి

బయటి నుంచి వచ్చినవాళ్లం కొత్త పాఠాలు చెప్పబోతాం గానీ, ఈ నగరం దగ్గర నేర్చుకోవలసినవే ఎక్కువ. పాత అపార్ట్‌మెంట్ల ముందు ప్రతి అంతస్తు నుంచి ఒక తాడు వేలాడుతుంది. చివర క్లిప్పో సంచో, పైన చిన్న గంట. పేపరు కుర్రాడు, కూరగాయలావిడ తాడు లాగితే పైన గంట మోగుతుంది. సరుకు తాడుకు కట్టి పైకి లాక్కోవడమే. లిఫ్టు లేదు, కరెంటు ఖర్చు లేదు, ప్యాకింగు అసలే లేదు. అదే సంచి ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

ఆఫీసులకు వెళ్లేవాళ్ల చేతిలో అన్నం క్యారేజీ ఇప్పటికీ కనిపిస్తుంది. బజారుకు అల్లిక బుట్ట పట్టుకెళ్లే ఆడవాళ్లు కనిపిస్తారు. రోడ్డు పక్కన చెట్టు కింద అరుగు మీద మట్టికుండలు, మూత మీద గ్లాసు. దాహమైనవాళ్లు తాగి వెళ్తారు. మన చలివేంద్రమే, కాకపోతే ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ నీళ్లు తాగిన ప్రతి మనిషీ ఒక ప్లాస్టిక్ సీసా తగ్గించినట్టే. మా వీధి చివర కుండలు నింపే వంతులో ఇప్పుడు మా పిల్లలకూ ఒక రోజు ఉంది.

పాన్సోడాన్ రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డున దలా. అక్కడ ‘చూచూ’ అనే చిన్న సంస్థ పారేసిన ప్లాస్టిక్ సంచులతో, పాత టైర్లతో బుట్టలు, పర్సులు చేయడం స్థానిక మహిళలకు నేర్పింది. చెత్తలో పనికిరానిదంటూ తక్కువేనని అవి చూస్తే తెలుస్తుంది.

కరెంటు లేని గంటల లెక్క

2021 తరవాత యాంగోన్‌లో కరెంటు కోతలు బాగా పెరిగాయి. వంతులవారీగా కొన్ని గంటలే సరఫరా ఉంటుంది. కోత పడగానే పేవ్‌మెంట్ల మీద జనరేటర్లు మొదలవుతాయి. వాటి పొగ, చప్పుడు భరించేది కింది అంతస్తువాళ్లు, నడిచివెళ్లేవాళ్లు.

ఇంజినీర్లకు లెక్కలంటే ఇష్టం కదా. ఇంట్లో ఏది ఎంత వాడుతుందో ఒక చిన్న మీటరు పెట్టి రాసుకున్నాం. ఇంటర్నెట్ రౌటర్ 10 వాట్లు. ల్యాప్‌టాప్ 50. డీసీ ఫ్యాను 25. మొత్తం 85 వాట్లు. ఒక కిలోవాట్ అవర్ లిథియం బ్యాటరీ ఉంటే, నష్టాలు పోను, ఈ మూడూ పది గంటలు నడుస్తాయి. అదే బ్యాటరీ మీద ఏసీ పెడితే గంట కూడా కష్టం. అంటే పెద్ద జనరేటరు కొనేముందు ఏం నడపాలో తేల్చుకుంటే చాలామందికి చిన్న బ్యాటరీ, పైకప్పు మీద రెండు సోలార్ పలకలు సరిపోతాయి. రైస్ కుక్కరు, ఇస్త్రీ, నీళ్ల మోటారు లాంటివి కరెంటు ఉన్న గంటల్లోనే ముగించుకోవాలి. అన్నం ఉడికాక గిన్నెను మందపాటి దుప్పటిలో చుట్టిపెడితే గంటల తరబడి వేడిగా ఉంటుంది. మన అమ్మమ్మలు చేసినదే.

మా భవనంలో నాలుగు ఇళ్లు కలిసి మెట్ల దీపాలకు, నీళ్ల ట్యాంకు మీటకు సోలార్ పెట్టుకున్నాయి. విడివిడిగా కొంటే ఎవరికీ అందని ఖర్చు, నలుగురు పంచుకుంటే తేలికైంది.

పండగ పళ్లేలు

ఇక మన సంగతి. ఉగాది, వినాయక చవితి, కార్తీక వనభోజనాలు. ఏ దేశంలో ఉన్నా తెలుగువాళ్లం కలిస్తే భోజనం తప్పదు. భోజనం అయ్యాక ఫోమ్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాల గుట్ట కూడా తప్పదు. బర్మాలో తింజాన్ నీళ్ల పండగప్పుడు వీధుల్లో అందరికీ ఉచితంగా తిండి పెడతారు. దాన్ని ‘సతుదితా’ అంటారు. మన అన్నదానం లాంటిదే. అక్కడా ఫోమ్ డబ్బాలు చేరాయి. పుణ్యం పెట్టినవాడికి, డబ్బా ఎత్తే పని ఇంకొకరికి.

దీనికి మందు తెలంగాణలోని సిద్దిపేట ఎప్పుడో కనిపెట్టింది. అక్కడ ఊళ్లలో ‘స్టీల్ బ్యాంకు’లు పెట్టారు. పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు ఒకచోట ఉంచి, ఎవరింట్లో శుభకార్యమైనా వాడుకుని, కడిగి తిరిగి ఇచ్చే ఏర్పాటు. ఆ ఆలోచననే ఇక్కడికి తెచ్చుకున్నాం. తెలిసిన పాతిక కుటుంబాలం తలా నాలుగు స్టీలు పళ్లేలు, నాలుగు గ్లాసులు ఇచ్చాం. వంద మంది భోజనానికి సరిపోయాయి. రెండు ట్రంకు పెట్టెల్లో అవి ఇంటింటికీ తిరుగుతుంటాయి. మామ్మగారి మనవరాలి పెళ్లికీ వెళ్లాయి.

కష్టమల్లా కడగడం దగ్గరే. మొదటి పండగప్పుడే ఆ పని ఆడవాళ్ల మీద పడిపోతుందేమోనని కొందరు అడిగారు. సరైన ప్రశ్న. అందుకని తిన్న పళ్లెం తిన్నవాళ్లే కడగాలని నియమం పెట్టుకున్నాం. మూడు టబ్బులు వరసగా పెడతాం. ఒకదాంట్లో ఎంగిలి విదిలించడం, రెండో దాంట్లో సబ్బునీళ్లు, మూడో దాంట్లో మంచినీళ్లు. పెద్ద ఉద్యోగస్తులు, పిల్లలు, కొత్త పెళ్లికొడుకులు అందరూ వరసలో నిలబడాల్సిందే. ఇప్పుడు కబుర్లన్నీ ఆ టబ్బుల దగ్గరే సాగుతున్నాయి.

మీరున్న చోటే మొదలుపెట్టండి

దుబాయ్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా మొదలుపెట్టడానికి పెద్ద పథకం అక్కర్లేదు. మీ ఇంటి చెత్త ఎత్తే మనిషి పేరు కనుక్కోండి. ఆ సంచిలో ఏది ఉంటే వాళ్లకు ఇబ్బందో అడగండి. మా దగ్గర వచ్చిన జవాబు చాలా చిన్నది. పగిలిన గాజు విడిగా కట్టమన్నారు, మందుల సూదులు డబ్బాలో వేయమన్నారు, తడిసిన సంచి బరువు కాబట్టి నీళ్లు వంపేసి ఇవ్వమన్నారు. ఈ మూడూ ఖర్చు లేని పనులు.

ఆ తరవాత మీ మెట్ల మీదివాళ్లను కలపండి. ఒక్క ఇల్లు ఎంత పొదుపుగా బతికినా సందు మారదు. పన్నెండు ఇళ్లు కొద్దికొద్దిగా మారితే మారుతుంది.

కోరంగి నుంచి ఓడెక్కి వచ్చిన ఆ మనుషుల పేర్లు ఈ నగరంలో ఏ గోడ మీదా కనిపించవు. వాళ్లు తుడిచిన సందులు మాత్రం ఇంకా ఉన్నాయి. వాళ్ల తరవాత వచ్చినవాళ్లం, కాస్త చదువుకున్నవాళ్లం, చేయగలిగింది ఒకటుంది. మన తరవాత ఎత్తేవాళ్ల బరువు తగ్గించడం.